నెట్‌వర్క్ అనుసంధానాలను నమోదు చేసే కమాండ్ లైన్ సాధనాలు: పరీక్షా విధానం – విజయవాడ, కృష్ణా డెల్టా నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

ఒక కంప్యూటరు ఏ సమయంలో, ఏ చిరునామాతో, ఏ పోర్టు ద్వారా మాట్లాడిందో చెప్పడానికి నెట్‌స్టాట్, ఎస్‌ఎస్, కాన్‌ట్రాక్ వంటి కమాండ్ లైన్ సాధనాలు వాడుకలో ఉన్నాయి. వాటి ఫలితాలను పరిశోధనా పత్రాలలోనూ, సంస్థాగత విచారణలలోనూ ఆధారాలుగా చూపడం పరిపాటి అయింది. ఆ సాధనం ఏమి చూడగలదు, ఏమి చూడలేదు అన్న ప్రశ్నకు మాత్రం తగిన పరీక్ష అరుదుగా జరుగుతున్నది. ఒకే లినక్స్ కంప్యూటరుపై, అదనపు వ్యయం లేకుండా, కళాశాల ప్రయోగశాలలో చేయదగిన పరీక్షా విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. అల్పకాలిక అనుసంధానాలు, ప్రక్రియ పేరు, మధ్యవర్తి యంత్రం, పట్టిక నిండిపోవడం, గడియారం అనే ఐదు అంశాలలో ఈ సాధనాల పరిమితులను పరిశీలిస్తుంది. ఒకే బహిరంగ చిరునామాను అనేక కుటుంబాలు పంచుకునే కాలంలో ఈ పరిమితుల వల్ల కలిగే పర్యవసానాలను చర్చిస్తుంది.

కీలక పదాలు: అనుసంధానం, సాకెట్, పోర్టు, ఎస్‌ఎస్, కాన్‌ట్రాక్, నేమ్‌స్పేస్, చిరునామా పంపకం, పరీక్షా విధానం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా డెల్టా చరిత్ర ప్రధానంగా ప్రవాహాలను పంచిన చరిత్ర. 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, పశ్చిమ ప్రధాన కాలువ వంటి శాఖల ద్వారా సుమారు 13 లక్షల ఎకరాలకు నీరందే వ్యవస్థ ఇక్కడ ఏర్పడింది. ప్రవాహాన్ని పంచాలంటే ముందు దానిని కొలవాలి. ఎంత నీరు, ఏ తూము నుంచి, ఏ వేళకు వెళ్లిందన్న లెక్క లేకపోతే కాలువ చివరి భూముల రైతు తన వాటాను రుజువు చేసుకోలేడు.

ఇదే ప్రాంతంలో ఇప్పుడు మరొక పంపిణీ వ్యవస్థ విస్తరించింది. విజయవాడ కేంద్రంగా పనిచేసే ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ చేపట్టిన ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. విద్యుత్ స్తంభాల మీదుగా లాగిన తంతువుల ద్వారా నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో గ్రామాలకు ఇంటర్నెట్ అందించడం ఆ పథకం ఉద్దేశం. ప్రభుత్వ, ప్రైవేటు సేవలన్నీ కలిసి డెల్టా గ్రామాల ఇళ్లను ప్రపంచంతో కలిపాయి. ఈ ప్రవాహానికీ లెక్క అవసరమే. ఆ లెక్క రాసే సాధనాన్ని ఎలా పరీక్షించాలన్నదే ఈ వ్యాసానికి ప్రధాన విషయం.

2. అనుసంధానం – నిర్వచన సమస్య:

పరీక్షకు ముందు లెక్కించదలచిన వస్తువును నిర్వచించుకోవాలి. సాధారణ వ్యవహారంలో ఒక అనుసంధానాన్ని ఐదు అంశాల సముదాయంగా గుర్తిస్తారు: రవాణా నియమావళి, పంపేవారి చిరునామా, పంపేవారి పోర్టు, అందుకునేవారి చిరునామా, అందుకునేవారి పోర్టు. టీసీపీ విషయంలో ఈ నిర్వచనం చాలావరకు సరిపోతుంది. 1981లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 793, దాని స్థానంలో 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293 టీసీపీ అనుసంధానానికి 11 స్థితులను పేర్కొన్నాయి. ఆరంభం, స్థిరపడటం, ముగింపు అనే దశలకు స్పష్టమైన సంకేతాలు ఉన్నాయి.

యూడీపీకి అటువంటి సంకేతాలు లేవు. ఒక ప్యాకెట్ వెళ్లింది, మరొకటి వచ్చింది అన్నంతవరకే తెలుస్తుంది. వాటిని ఒకే సంభాషణగా భావించడం పరిశీలకుడు పెట్టుకున్న కాలపరిమితిపై ఆధారపడుతుంది. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా ప్రమాణీకృతమైన క్విక్ నియమావళి ఈ సమస్యను మరింత జటిలం చేసింది. అందులో అనుసంధానానికి ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇంటి వైఫై నుంచి మొబైల్ సిగ్నల్‌కు మారినప్పుడు చిరునామా, పోర్టు మారినా సంభాషణ కొనసాగుతుంది. మధ్యలో ఉన్న పరిశీలన సాధనానికి మాత్రం అవి రెండు వేర్వేరు ప్రవాహాలుగా కనిపిస్తాయి. కనుక ‘ఎన్ని అనుసంధానాలు జరిగాయి’ అనే ప్రశ్నకు నియమావళిని బట్టి, నిర్వచనాన్ని బట్టి భిన్నమైన సమాధానాలు ఉంటాయి. పరీక్షా నివేదికలో ఈ నిర్వచనం మొదటి వాక్యాలలోనే ఉండటం అవసరం.

3. సాధనాలలో రెండు తెగలు:

వాడుకలో ఉన్న సాధనాలను అవి సమాచారాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటాయో దానిని బట్టి రెండు తెగలుగా విభజించవచ్చు.

మొదటి తెగ కంప్యూటరులోని సాకెట్ల పట్టికను చదువుతుంది. 1983 నాటి 4.2 బీఎస్‌డీతో వచ్చిన నెట్‌స్టాట్ ఈ తెగలో ప్రాచీనమైనది. లినక్స్‌లో అది కెర్నెల్ పాఠ్యరూపంలో అందించే పట్టికను చదువుతుంది. దాని స్థానంలో వాడుకలోకి వచ్చిన ఎస్‌ఎస్, నెట్‌లింక్ అనే మార్గం ద్వారా కెర్నెల్‌ను నేరుగా అడుగుతుంది. అందువల్ల వేల సాకెట్లు ఉన్నచోట ఎస్‌ఎస్ వేగంగా పనిచేస్తుంది. ఈ తెగ సాధనాలు అడిగిన క్షణాన ఉన్న స్థితిని మాత్రమే చెబుతాయి.

రెండవ తెగ, యంత్రం గుండా సాగే ప్యాకెట్లను కెర్నెల్ గమనించి తయారుచేసే పట్టికను చదువుతుంది. నెట్‌ఫిల్టర్ వ్యవస్థలోని అనుసంధాన పట్టిక, దానిని చూపే కాన్‌ట్రాక్ అనే ఆదేశం ఈ తెగకు చెందినవి. అడిగిన క్షణపు పట్టికను చూపడంతో పాటు, ప్రతి అనుసంధానం పుట్టినప్పుడూ మారినప్పుడూ పోయినప్పుడూ వెలువడే ఘటనలను వరుసగా వినిపించే సదుపాయం కూడా కాన్‌ట్రాక్‌కు ఉంది.

ఈ భేదం కేవలం సాంకేతిక వివరం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం నమోదైంది. అదే సమయంలో సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచినది బుడమేరు నీరు. బ్యారేజి వద్ద కొలత ఎంత ఖచ్చితమైనదైనా బుడమేరు గండ్ల గుండా వచ్చిన నీటిని అది చెప్పజాలదు. ఆ నీరు ఆ కొలమానం ముందు నుంచి పోలేదు. రూటరుగా పనిచేసే లినక్స్ యంత్రంపై ఎస్‌ఎస్ ఆదేశం ఇచ్చినా ఇదే జరుగుతుంది. ఆ రూటరు గుండా సాగిపోయే వేల అనుసంధానాలలో ఒక్కటీ అందులో కనిపించదు. వాటి సాకెట్లు చివరి యంత్రాలలో ఉంటాయి తప్ప రూటరులో ఉండవు. ఆ ప్రవాహం కాన్‌ట్రాక్ పట్టికలో మాత్రమే గోచరిస్తుంది.

4. పరీక్షావేదిక – ముందుగా సత్యాన్ని నిర్మించుకోవడం:

ఒక సాధనం సరిగా లెక్కిస్తున్నదా అని తేల్చాలంటే అసలు లెక్క వేరొక మార్గంలో తెలిసి ఉండాలి. కళాశాల నెట్‌వర్క్‌పై సాధనాన్ని నడిపి, వచ్చిన అంకెలను మరొక సాధనపు అంకెలతో పోల్చడం పరీక్ష కాదు. రెండూ ఒకే కెర్నెల్ పట్టికను చదువుతుంటే రెండూ ఒకే విధంగా పొరబడవచ్చు. అనుసంధానాలను పరీక్షకుడే సృష్టించి, వాటి సంఖ్యను, కాలాన్ని, పోర్టులను సృష్టించిన ప్రోగ్రాము ద్వారానే నమోదు చేయించడం సరైన మార్గం.

లినక్స్‌లోని నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ సదుపాయం దీనికి అనువైనది. ఒకే కంప్యూటరులో పరస్పరం వేరుపడిన మూడు నెట్‌వర్క్ ఆవరణలను ఏర్పరచవచ్చు: ఒకటి వినియోగదారు, ఒకటి రూటరు, ఒకటి సర్వరు. వాటిని కల్పిత తీగజతలతో కలిపితే బయటి ప్రపంచపు రాకపోకలు చొరబడని చిన్న నెట్‌వర్క్ సిద్ధమవుతుంది. కంప్యూటరు తనంతట తాను చేసుకునే నవీకరణలు, గడియారపు సవరణలు పరీక్షా ఫలితాలను కలుషితం చేయవు.

చాలామంది ఇంతకన్నా తేలికైన మార్గంగా లూప్‌బ్యాక్ చిరునామాపై, అంటే యంత్రం తనతో తానే మాట్లాడుకునే మార్గంపై, పరీక్ష జరుపుతారు. దానిలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఇరువైపుల సాకెట్లూ ఒకే పట్టికలో చేరడం వల్ల ప్రతి అనుసంధానం రెండుసార్లు కనిపిస్తుంది. రెండవది, ముగింపు దశలో ఉన్న పోర్టులను తిరిగి వాడుకునే విషయంలో ఇటీవలి లినక్స్ కెర్నెళ్లు లూప్‌బ్యాక్‌కు ప్రత్యేక సడలింపు ఇస్తాయి. లూప్‌బ్యాక్‌పై వచ్చిన ఫలితం నిజమైన నెట్‌వర్క్‌కు వర్తిస్తుందన్న హామీ లేదు.

పరీక్షా భారం కూడా వైవిధ్యంతో ఉండాలి. ఉదాహరణకు 1,000 సఫల అనుసంధానాలు, మూసి ఉన్న పోర్టుకు చేసి తిరస్కరణ పొందిన 100 ప్రయత్నాలు, సమాధానమే రాని 100 ప్రయత్నాలు అనే మూడు వర్గాలను కలపవచ్చు. చివరి రెండు వర్గాలను సాధనం లెక్కించాలా వద్దా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. ఏ అనుసంధానమూ లేనప్పుడు సాధనం ఏమీ లేదని చెబుతున్నదా అనే శూన్య పరీక్ష కూడా తప్పనిసరి.

ఫలితాన్ని రెండు కొలతలలో చెప్పడం మేలు. జరిగినవాటిలో ఎన్నింటిని సాధనం పట్టుకున్నదన్నది గ్రహణశాతం. అది చూపినవాటిలో ఎన్ని నిజమన్నది శుద్ధిశాతం. 1,000 జరిగితే సాధనం 820 చూపి, వాటిలో 800 మాత్రమే నిజమైతే గ్రహణశాతం 80, శుద్ధిశాతం సుమారు 97.6. ‘820 నమోదయ్యాయి’ అనే ఒక్క వాక్యం ఈ రెండు లోపాలనూ కప్పిపుచ్చుతుంది.

5. మొదటి పరీక్ష – అల్పకాలిక అనుసంధానాలు:

సాకెట్ పట్టికను సెకనుకొకసారి చదివే పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. ఒక అనుసంధానం 200 మిల్లీసెకన్లు మాత్రమే జీవిస్తే, అది యాదృచ్ఛిక క్షణంలో మొదలైనప్పుడు సెకనుకొక పరిశీలనలో పట్టుబడే సంభావ్యత 0.2. అంటే 1,000 అనుసంధానాలలో సగటున 200 మాత్రమే స్థిరపడిన స్థితిలో కనిపిస్తాయి. ప్రామాణిక విచలనం సుమారు 13. పరిశీలనా విరామాన్ని పావు సెకనుకు తగ్గిస్తే సంభావ్యత 0.8కి పెరుగుతుంది. సాధనాన్ని నడపకముందే చేయదగిన ఈ గణన, పరీక్షా ఫలితాన్ని సరిపోల్చుకోవడానికి ఆధారం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అనుసంధానాలను సరిగ్గా సెకనుకొకటి చొప్పున పుట్టిస్తే పరిశీలనా లయ, పుట్టుక లయ ఒకటైపోతాయి. అప్పుడు అన్నీ పట్టుబడవచ్చు, లేదా ఒక్కటీ పట్టుబడకపోవచ్చు. రెండు ఫలితాలూ సాధనం గురించి ఏమీ చెప్పవు. అందుచేత ఆరంభ క్షణాలను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి.

టీసీపీ ముగింపు నియమం ఈ లోపాన్ని కొంత పూరిస్తుంది. ముందుగా ముగింపు కోరిన పక్షపు పట్టికలో ఆ అనుసంధానం ‘టైమ్ వెయిట్’ అనే స్థితిలో కొంతసేపు నిలిచి ఉంటుంది. లినక్స్‌లో ఆ వ్యవధి 60 సెకన్లు. సెకనుకొకసారి చూసినా ఆ శేషం కనిపిస్తుంది. అయితే ఎస్‌ఎస్ ఆదేశాన్ని ఐచ్ఛికాలేవీ లేకుండా ఇస్తే ఈ స్థితిలోని సాకెట్లను చూపదు. అన్ని స్థితులూ చూపమని ప్రత్యేకంగా అడగాలి. పైగా రెండవ పక్షంలో ఈ శేషం ఉండదు. అనుసంధానం అర్ధాంతరంగా రీసెట్ సంకేతంతో తెగిపోతే ఏ పక్షంలోనూ మిగలదు. ఒకే సాధనం, ఒకే ఆదేశం, ఏ పక్షాన కూర్చుని చూస్తున్నారన్నదాన్ని బట్టి భిన్నమైన సంఖ్య ఇస్తుంది.

ఈ శేషానికి మరొక పరిణామం కూడా ఉంది. లినక్స్ సాధారణంగా వినియోగదారు పక్షానికి 32,768 నుంచి 60,999 వరకు, అంటే 28,232 పోర్టులు కేటాయిస్తుంది. ఒకే సర్వరు పోర్టుకు వరుసగా అనుసంధానాలు చేస్తూ, ప్రతిదీ 60 సెకన్లు నిలిచి ఉంటే, సెకనుకు సుమారు 470 మించి కొత్తవి సాధ్యపడవు. అంతకు మించిన వేగంతో పరీక్ష రూపొందించి, అనుసంధానాలు విఫలమైనప్పుడు ఆ దోషాన్ని పరిశీలన సాధనానికి ఆపాదించడం అన్యాయమవుతుంది.

6. రెండవ పరీక్ష – ఎవరు మాట్లాడారు:

అనుసంధానం జరిగిందని తెలియడం ఒక ఎత్తు. ఏ ప్రోగ్రాము చేసిందో తెలియడం మరొక ఎత్తు. విచారణలలో రెండవ ప్రశ్నే ముఖ్యం. సాకెట్ పట్టికలో ప్రోగ్రాము పేరు నేరుగా ఉండదు. సాధనం ప్రతి ప్రక్రియ తెరచి ఉంచిన దస్త్రాలను వెదకి, సాకెట్ సంఖ్యతో జత కలుపుతుంది. నిర్వాహక అధికారం లేని వాడుకరి ఈ ఆదేశం ఇస్తే ఇతరుల ప్రక్రియల పేర్లు రావు. అడ్డువరుస ఉంటుంది కాని పేరు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంటుంది.

ఇంకా సూక్ష్మమైన విషయం, టైమ్ వెయిట్ స్థితిలో ఉన్న సాకెట్‌కు యజమాని ప్రక్రియ అంటూ ఉండదు. అందుచేత నిర్వాహక అధికారం ఉన్నా పేరు రాదు. అల్పకాలిక అనుసంధానాలను శేషం ద్వారా పట్టుకోగలిగినా, వాటిని చేసినదెవరో చెప్పలేని పరిస్థితి ఇది. పరీక్షలో గ్రహణశాతాన్ని రెండుగా విడదీసి చూపాలి: అనుసంధానాన్ని పట్టుకున్న శాతం, దాని ప్రోగ్రామును సరిగా గుర్తించిన శాతం. మొదటిది వందకు చేరువగా ఉండి, రెండవది ఇరవై దగ్గర నిలిచిపోవడం పూర్తిగా సంభవమే.

7. మూడవ పరీక్ష – మధ్యవర్తి యంత్రం, మిగిలిపోయిన జాడలు:

రూటరు ఆవరణలో కాన్‌ట్రాక్ ఆదేశం ఇచ్చినప్పుడు పట్టిక ఖాళీగా కనిపించడం పరిశోధకులకు తరచు ఎదురయ్యే అనుభవం. ఇటీవలి కెర్నెళ్లలో, అవసరపడే నియమం ఏదైనా ఉంటేనే అనుసంధానాల నమోదు ఆ ఆవరణలో మొదలవుతుంది. చిరునామా మార్పిడి నియమం గాని, స్థితిని పరిశీలించే నియమం గాని లేకపోతే నమోదు జరగదు. అటువంటప్పుడు కనిపించే సున్నాకు అర్థం ‘అనుసంధానాలు లేవు’ అని కాదు, ‘ఎవరూ చూడలేదు’ అని. తెలిసిన ఒక అనుసంధానాన్ని ముందు పంపి, అది పట్టికలో చేరిందని నిర్ధారించుకున్న తరువాతే సున్నాను ఫలితంగా స్వీకరించాలి.

దీనికి విపర్యయం కూడా ఉంది. వేసవి సాయంత్రం కరెంటు పోయి ఒక ఇంటి కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయిందనుకుంటే, ముగింపు సంకేతం వెలువడదు. దారిలోని రూటరుకు ఆ విషయం తెలియదు. లినక్స్‌లో స్థిరపడిన టీసీపీ అనుసంధానానికి కాన్‌ట్రాక్ సహజంగా కేటాయించే కాలపరిమితి 4,32,000 సెకన్లు, అంటే ఐదు రోజులు. ఆ ఇంట్లో యంత్రం ఆగిపోయినా రూటరు పట్టికలో అనుసంధానం సజీవంగానే కనిపిస్తుంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 5382 ఈ పరిమితి 2 గంటల 4 నిమిషాలకు తగ్గరాదని మాత్రమే చెబుతుంది. అంతకు పైన ఎంతన్నది ఆయా తయారీదారుల, నిర్వాహకుల ఇష్టం.

పరీక్షలో దీనిని అనుకరించడం సులభం. స్థిరపడిన అనుసంధానాలు నడుస్తుండగా వినియోగదారు ఆవరణలోని కల్పిత తీగను తెంచివేసి, రూటరు పట్టికను కాలక్రమంలో గమనించాలి. పట్టికలో ఉన్న అడ్డువరుసను ‘ప్రస్తుతం జరుగుతున్న సంభాషణ’గా చూపే సాధనం శుద్ధిశాతంలో ఎంత నష్టపోతుందో ఈ పరీక్ష తేటతెల్లం చేస్తుంది.

8. నాల్గవ పరీక్ష – ఒత్తిడిలో నమోదు:

క్షణపట్టికను పదేపదే చదవడం కంటే ఘటనలను వినడం మెరుగైన పద్ధతి. ఆనకట్ట వద్ద గంటకొకసారి మట్టం చూడటానికీ, లాకు దాటిన ప్రతి పడవను పుస్తకంలో రాసుకోవడానికీ ఉన్న తేడా వంటిది ఇది. అల్పకాలిక అనుసంధానం కూడా ఘటనగా వెలువడుతుంది. అయితే రాసే వేగం కంటే వచ్చే వేగం ఎక్కువైనప్పుడు పుస్తకంలోనూ ఖాళీలు తప్పవు. కెర్నెల్ నుంచి సాధనానికి ఘటనలను చేరవేసే నెట్‌లింక్ నిల్వస్థలం పరిమితమైనది. అది నిండితే కొన్ని ఘటనలు పోతాయి. నిల్వస్థలం చాలలేదన్న దోషసూచన సాధనానికి అందుతుంది గాని, పోయినవి ఏవో తెలియదు. ఆ సూచనను నివేదికలో చూపే సాధనానికీ, మౌనంగా దాటవేసే సాధనానికీ మధ్య విశ్వసనీయతలో చాలా అంతరం ఉంది.

పట్టికకు కూడా గరిష్ఠ పరిమాణం ఉంటుంది. పరీక్ష కోసం ఆ పరిమితిని 1,000కి తగ్గించి, 1,500 అనుసంధానాలను తెరచి ఉంచే ప్రయత్నం చేస్తే, ఇరువైపులా ధ్రువపడిన అనుసంధానాలను కెర్నెల్ తొలగించదు కనుక కొత్తవాటి ప్యాకెట్లను విసర్జిస్తుంది. పట్టిక నిండిందన్న సందేశం కెర్నెల్ చిట్టాలో చేరుతుంది. ఇక్కడ పరిశీలకుడే ప్రవాహానికి అడ్డుపడుతున్నాడు. కొలిచే క్రియ కొలవబడే విషయాన్ని మార్చివేసే ఈ స్థితి ఏ భారం వద్ద మొదలవుతుందో గుర్తించడం నాల్గవ పరీక్ష లక్ష్యం. భారాన్ని మెట్లుమెట్లుగా పెంచుతూ, ప్రతి మెట్టు వద్ద గ్రహణశాతాన్నీ, వినియోగదారు పక్షపు వైఫల్యాల సంఖ్యనూ కలిపి నమోదు చేయాలి.

9. ఐదవ పరీక్ష – గడియారం, పంచుకున్న చిరునామా:

ఐపీవీ4 చిరునామాల కొరత కారణంగా అనేక సేవాసంస్థలు ఒకే బహిరంగ చిరునామాను పలువురు చందాదారులకు పంచుతున్నాయి. ఈ అవసరం కోసమే 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా 100.64.0.0తో మొదలయ్యే 41,94,304 చిరునామాల శ్రేణిని ప్రత్యేకించారు. ఈ పంపకం లెక్కను ఒక ఉదాహరణతో చూడవచ్చు. మొదటి 1,024 పోర్టులను మినహాయిస్తే ఒక బహిరంగ చిరునామాకు 64,512 పోర్టులు మిగులుతాయి. వాటిని 64 ఇళ్లకు సమానంగా పంచితే ఇంటికి 1,008 పోర్టులు వస్తాయి.

ఈ వ్యవస్థలో ‘ఫలానా చిరునామా నుంచి నేరం జరిగింది’ అన్న సమాచారం 64 ఇళ్లలో ఏ ఇంటినీ సూచించదు. పోర్టు సంఖ్య కూడా తెలియాలి. సర్వర్లు తమ చిట్టాలలో పంపినవారి పోర్టును, ఖచ్చితమైన సమయాన్ని నమోదు చేయాలని 2011లోనే ఆర్‌ఎఫ్‌సీ 6302 సిఫారసు చేసింది. పోర్టుల వాటాలు కాలానుగుణంగా చేతులు మారే పద్ధతిలో సమయం మరింత కీలకం. ఉదయం ఒక ఇంటికి చెందిన పోర్టుల వాటా మధ్యాహ్నానికి మరొక ఇంటికి వెళ్లవచ్చు.

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచి సాగుతుంది. అంతర్జాతీయ ప్రామాణిక కాలానికి అది 5 గంటల 30 నిమిషాలు ముందు. ఒక చిట్టాలో 02:10 అని అంతర్జాతీయ కాలంలో రాసి ఉంటే అది ఇక్కడి 07:40. కాలమండలం పేర్కొనని చిట్టాను చదివిన అధికారి 02:10ని స్థానిక కాలంగా భావిస్తే, సంబంధం లేని కుటుంబం తలుపు తట్టవలసి వస్తుంది. సాంకేతిక లోపం ఇక్కడ మనిషి పరువుకు, స్వేచ్ఛకు సంబంధించిన విషయంగా మారుతుంది.

సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు, వాటి పరిధిలోకి వచ్చే సంస్థలు చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని, గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో అనుసంధానించాలని నిర్దేశించాయి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ విభాగం ఎలక్ట్రానిక్ రికార్డు ఆమోదానికి విధించిన షరతులలో, సంబంధిత కాలంలో కంప్యూటరు సరిగా పనిచేస్తూ ఉండటం ఒకటి. అయితే కంప్యూటరు సరిగా పనిచేయడం వేరు, దానిపై నడిచే సాధనం జరిగినదంతా చూడటం వేరు. పైన వివరించిన లోపాలలో ఒక్కటీ యంత్రం చెడిపోవడం వల్ల కలిగినది కాదు. ప్రతి భాగమూ నిర్దేశించిన విధంగా పనిచేస్తుండగానే లెక్క తప్పింది.

గడియార పరీక్షను నేమ్‌స్పేస్‌లతో చేయలేరన్నది గమనార్హం. ఒకే కంప్యూటరులోని ఆవరణలన్నీ ఒకే వాస్తవ కాల గడియారాన్ని పంచుకుంటాయి. దీనికి రెండవ యంత్రం గాని, కల్పిత యంత్రం గాని కావాలి. దాని గడియారాన్ని తెలిసిన పరిమాణంలో జరిపి, రెండు చిట్టాలను జతపరచినప్పుడు ఎన్ని అనుసంధానాలు తప్పు వాటాదారుకు ఆపాదితమవుతున్నాయో లెక్కించాలి. లినక్స్‌లో కాన్‌ట్రాక్ పట్టికకు ఆరంభ, ముగింపు సమయాలను చేర్చే సదుపాయం సహజంగా నిలుపుదలలో ఉంటుంది. దానిని ముందుగా ప్రారంభించకపోతే సమయం అనే గడే ఉండదు.

10. ఫలితాల నివేదన:

1,000 అనుసంధానాలతో పరీక్షించగా ఒక్కటీ తప్పిపోలేదనుకుంటే, సాధనం లోపరహితమని నిర్ధారించరాదు. తప్పిపోయే సంభావ్యత 0.3 శాతం వరకు ఉన్నా ఇటువంటి ఫలితం రావచ్చని 95 శాతం విశ్వాసస్థాయి వద్ద గణాంకశాస్త్రం చెబుతుంది. ప్రయత్నాల సంఖ్యతో 3ను భాగించగా వచ్చే ఈ అంచనా గుర్తుంచుకోవడానికి సులువైనది. రోజుకు పది లక్షల అనుసంధానాలు సాగే సంస్థలో 0.3 శాతమంటే 3,000.

కనుక పరిశోధనా పత్రంలో ఈ వివరాలు ఉండటం అవసరం: అనుసంధానానికి ఇచ్చుకున్న నిర్వచనం, సాధనపు సంచిక సంఖ్య, కెర్నెల్ సంచిక సంఖ్య, ఇచ్చిన ఆదేశం యథాతథంగా, పరిశీలనా స్థానం, పరిశీలనా విరామం, నడిపినవారి అధికారస్థాయి, కాలపరిమితుల విలువలు, గడియారపు ఆధారం, పరీక్షా భారం, గ్రహణ శుద్ధిశాతాలు. వీటిలో ఏది లోపించినా మరొక పరిశోధకుడు ఆ ఫలితాన్ని తిరిగి సాధించలేడు. ఈ పరీక్షలన్నిటికీ ఒక సాధారణ కంప్యూటరు, ఉచితంగా లభించే సాఫ్ట్‌వేరు చాలు. విజయవాడ, మచిలీపట్నం, తెనాలి, గుడివాడ వంటి పట్టణాల డిగ్రీ కళాశాలలలోనూ వీటిని విద్యార్థులచేత చేయించే వీలుంది.

11. ముగింపు:

అనుసంధానాలను చూపే కమాండ్ లైన్ సాధనాలు అబద్ధం చెప్పవు. అడిగిన ప్రశ్నకు, అడిగిన స్థానం నుంచి, అడిగిన క్షణంలో కనిపించినదానినే చెబుతాయి. ఆ సమాధానాన్ని విస్తృత ప్రశ్నకు సమాధానంగా స్వీకరించినప్పుడే దోషం పుడుతుంది. సాకెట్ పట్టిక చూసే సాధనానికి దారిన పోయే ప్రవాహం కనిపించదు. దారిలో కూర్చున్న సాధనానికి ఎవరు మాట్లాడారో తెలియదు. విరామాలతో చూసేదానికి అల్పాయుష్షు అనుసంధానాలు చిక్కవు. వరుసగా వినేదానికి ఒత్తిడిలో కొన్ని జారిపోతాయి. ఈ పరిమితులను ముందుగా కొలిచి, ఫలితం పక్కనే ప్రకటించడం పరిశోధకుని బాధ్యత. ఒక చిట్టాలోని అడ్డువరుస ఆధారంగా ఒక కుటుంబాన్ని ప్రశ్నించే అవకాశం ఉన్నంతకాలం, ఆ చిట్టా రాసిన సాధనం ఏ పరీక్షకు నిలిచిందన్న ప్రశ్నను అడిగే హక్కు ఆ కుటుంబానికి కూడా ఉంటుంది.